వచ్చిన పని

పేరు. ఊరు. మనుషులెందరు. వచ్చిన పని.
తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుసందు లాడ్జిలో
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
ఈ నాలుగు గడులు నింపడం నా ఉద్యోగం.
నాలుగో గడి దగ్గర ఎవరూ ఆలోచించరు.
దర్శనం. దాని కింద రెండు గీతలు.
దాని కింద రెండు గీతలు.

ఎం.ఏ. చరిత్ర, యూనివర్సిటీ రెండో ర్యాంకు అని
మునిరత్నం నాయుడు పార్టీలకు నన్ను చూపిస్తాడు,
గీజర్ ఉందని చెప్పినట్టే.

ఏప్రిల్‌లో హైదరాబాదు పోయి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఇచ్చొచ్చాను.
పొడుగు బల్ల వెనక ఐదుగురు.
బిస్కెట్ల ప్లేటు వాళ్ల వైపే ఉంది.
"సత్రాలు కట్టించినవాళ్లకు శాసనాలున్నాయి.
దిగినవాళ్ల గురించి రాస్తానంటున్నావు.
ఆధారాలెక్కడ?"
వెతకాలి సార్, అన్నాను.
చివర కూర్చున్నావిడ ఏదో రాసుకుంది,
నాలుగైదు అక్షరాలు, అంతే.
అరిగిపోయిన రాతిమీద వేలు పెట్టి చదివినట్టు
ఆమె చెయ్యి కదిలిన తీరుని
అప్పట్నుంచి చదువుతూనే ఉన్నాను.

మే వచ్చింది. గంగ జాతర.
బైరాగి వేషం నాడు తెల్లసుద్ద పూసుకున్న పిల్లోళ్లు
కౌంటర్ దగ్గరికొచ్చి నీళ్లడిగారు.
సైటు తెరిచాను: పరిశీలనలో ఉంది.
బండ వేషం నాడు ఒళ్లంతా కుంకుమ. పరిశీలనలో ఉంది.
తోటి వేషానికి బొగ్గు,
దొర వేషానికి చందనం, వేపాకు, నిమ్మకాయల దండ.
ఊరు ఊరంతా పూటకో వేషం కట్టింది.
నా అర్జీ ఒక్కటే ఏ వేషమూ చేతకాక
అదే మొహంతో నిలబడింది.

మా బ్యాచ్ ఢిల్లీరాణికి పాండిచ్చేరిలో వచ్చింది.
"ఢిల్లీలో వచ్చుంటే పేరుకన్నా న్యాయం జరిగేది గదరా"
అని ఫోన్లో నవ్వింది. నేనూ నవ్వాను.
పెట్టేశాక ఆ నవ్వు ఏం చేసుకోవాలో తెలీలా.

వాచ్‌మన్ చెంగల్రాయుడు ఏ చదువని అడగడు.
మూడింటికి టీ తెస్తాడు.
"రాలా?"
"రాలా."
"కంపార్ట్‌మెంట్లో కూసోనుండేవానికి
గేటు తీసేదాకా తెలస్తాదా నాయనా.
ఆడన్నా పాలిస్తారు"
అని షట్టర్ దగ్గరికి పోతాడు.

నిన్న మెట్లకింద అర తెరిపించాడు నాయుడు,
ఇన్వర్టర్ పెట్టాలని.
లోపల పాత రిజిస్టర్లు. చెదలు అంచులన్నీ తిని
మధ్యలో మనుషుల్ని వదిలేశాయి.
పాత సామాన్ల ఖాదర్‌వలీ కాటా తెచ్చాడు. కిలో పన్నెండు.
మోస్తూ మోస్తూ ఒకటి తెరిచాను.

పేరు, ఓబుళమ్మ. ఊరు, ముద్దనూరు. మనుషులు, ఒకరు.
వచ్చిన పని: దర్శనం అని రాసి, కొట్టేసి,
పైన ఇరికించిన సన్నటి అక్షరాల్లో
"బిడ్డ పరీక్ష."
సంతకం చోట వేలిముద్ర.
అంటే, ఆమె చెప్పింది.
నా కుర్చీలో కూర్చున్నవాడెవడో విని, దిద్దాడు.
బిడ్డ పాసైందో లేదో ఎక్కడా లేదు.
ఖాళీ చేసిన వేళ ఉంది, ఉదయం 4.10.
బాకీ లేదు.

నా జీతంలో పట్టుకోండి, అన్నాను నాయుడితో.
నలభై మూడు కిలోలు. ఐదొందల పదహార్లు.
"పెళ్లిలో చదివించినట్టుందే" అన్నాడు ఖాదర్‌వలీ.
నాయుడు మాత్రం నన్ను చాలాసేపు చూశాడు.

ఆ ఐదుగురికి ఇప్పుడు రాయొచ్చు, దొరికాయని.
రెండు సార్లు మొదలుపెట్టాను.
ఫోను కౌంటర్ కింద బోర్లా పడుకుంది.

మూడున్నరకి ఆదోని బండి దిగి ఇద్దరొచ్చారు.
పేరు రాశాను. ఊరు రాశాను. ఇద్దరు అని రాశాను.
"ఏం పని మీద వచ్చారు?"
ఆయన నన్ను వింతగా చూశాడు.
"తిరపతికి ఏం పని మీద వస్తారు సామీ?"
వెనక ఆమె, సంచీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంటూ
ఏదో అనబోయి, ఆగింది.

గడి ఖాళీగా ఉంచి
తాళం ఆమె చేతికిచ్చాను.